ధర్మవరం జరీ నేర్పిన ఎలక్ట్రోకెమిస్ట్రీ

హిందూపురంలో మా కాలేజీ కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటులో నేను చేరిన రోజున, మా హెడ్ దేవదానం సార్ నా సర్టిఫికెట్లు తిరగేసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, నన్ను జాలిగా చూశారు.

"ఎలక్ట్రోకెమిస్ట్రీనా? యాడ దొరికిందప్పా నీకు ఈ సబ్జెక్టు? దాంట్లో కనిపెట్టాల్సిందంతా మా తాతల కాలంలోనే కనిపెట్టేసినారు గదా!"

ఒళ్లు మండింది గానీ, ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. అప్పట్లో మా సబ్జెక్టు బీఎస్సీ పుస్తకంలో ఒకే ఒక చాప్టరు. ఒక బీకరు, రెండు లోహపు కడ్డీలు, ఒక వైరు. లోహానికీ ద్రావణానికీ మధ్య కరెంటు ఎలా నడుస్తుందో చెప్పే చదువు అది. బ్యాటరీ అయినా, ఇనుముకు పట్టే తుప్పు అయినా, గిల్టు నగ మీది పూత అయినా దాని పిల్లలే. ఆ సంగతి మాత్రం పరీక్షలో ఎవరూ అడిగేవారు కాదు.

ఈమధ్య నాకు ఫోన్లు చేసే పిల్లలది వేరే బాధ. ఒకమ్మాయి బ్యాటరీల మీద పని చేస్తోంది, పక్కన కూర్చునేవాళ్లంతా మెకానికల్ వాళ్లు. ఇంకో అబ్బాయి చెమటలో ఉప్పు కొలిచే పట్టీ చేస్తున్నాడు, వాడి గైడు డాక్టరు. "సార్, మాది ఏ డిపార్ట్‌మెంటని చెప్పుకోవాలి?" అని అడుగుతారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. సెమినార్లలో నాకు కప్పిన శాలువాల గురించీ రాయను, వాటిని మా ఆవిడ ఎప్పుడో చుట్టాలకు పంచేసింది. రాయదలచుకున్నది ముఖ్యంగా ఒక్క తప్పు గురించి. నేను రాసిన ఒక్క వాక్యం ధర్మవరంలో ఒక నేత మనిషి చేతి కింద నుంచి మగ్గాన్ని లాగేసింది. దాన్ని తిరిగి ఆమెకు ఇప్పించడానికి నేను పడ్డ పాట్లలోనే ఈ సబ్జెక్టు అసలు నాకు అర్థమైంది.

కుర్చీ వేయి

మొదట వచ్చింది సోమందేపల్లి రైతు. బోరులోంచి పీకిన పైపు ముక్కను భుజాన వేసుకుని బస్సు దిగి తిన్నగా ల్యాబులోకి వచ్చేశాడు.

"చూడు సార్, ఎవరో మేకుతో పొడిచినట్టుండాది. నిరుడు వేసిండే పైపు ఇది. నా దాయాది మీద నాకు అనుమానం."

దాయాదికి పాపం ఏ పాపమూ తెలియదు. ఇనుప పైపుకు ఇత్తడి జాయింటు బిగించారు. మా నేలలో ఉప్పునీళ్లు. రెండు లోహాలు, మధ్యలో ఉప్పునీళ్లు, అంటే నేను క్లాసులో బోర్డు మీద గీసే బొమ్మే. బోరు లోపల ఒక బ్యాటరీ తయారై ఇనుమును తినేస్తోంది. ఇది చెబితే ఆయన నమ్మలేదు, దాయాది పనేనన్నాడు. ఇత్తడి తీసేశాక రెండేళ్లయినా పైపుకు చిల్లు పడకపోవడంతో, ఒక సంచి నిండా వేరుశనక్కాయలు తెచ్చిచ్చి, "మా వాడితో మాట్లాడతాండా సార్ ఇప్పుడు" అని చెప్పి వెళ్లాడు. నా జీవితంలో అంతకు మించిన అవార్డు రాలేదు.

ఆ తర్వాత ఒక డాక్టరు వచ్చాడు, ఇంట్లో షుగరు చూసుకునే మిషను ఒక్కో రోజు ఒక్కో మాట చెబుతోందని. ఆ చిన్న పట్టీ మీద రక్తపు చుక్క పడితే పుట్టేది కరెంటే. పేషెంటు ఇంట్లో ఆ పట్టీల డబ్బా పొయ్యి పక్కనే ఉంటోందని కనుక్కోవడానికి మాకు నెల పట్టింది. పెనుకొండ వైపు కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక ఇంకొందరు వచ్చారు. కారు బాడీని రంగునీళ్లలో ముంచి, కరెంటుతో రంగు అతికిస్తారు. అది కుదరని చోట మమ్మల్ని పిలిచారు. మెల్లగా మా ల్యాబులో రైతు, డాక్టరు, ఇంజనీరు పక్కపక్కన కూర్చోవడం మామూలైపోయింది. సబ్జెక్టు పెరిగింది పుస్తకంలో కాదు, మా గుమ్మం బయట చెప్పుల వరుసలో పెరిగింది.

దేవదానం సార్ మొదట, "పైపులు, డబ్బాలు, తుప్పు! ఇది ల్యాబాప్పా, గుజిరీ అంగడా?" అని గొణిగేవారు. తర్వాత ఎక్కడెక్కడో తిరిగి పాతదే అయినా మంచి మిషను ఒకటి తెప్పించిందీ ఆయనే. శాంపిల్ ముంచిన ద్రావణంలోకి సన్నగా కరెంటు పంపి, జవాబుగా ఒక గీత గీసే మిషను అది. దాన్ని నాకు అప్పగిస్తూ ఒకే ఒక్క షరతు పెట్టారు.

"శాంపిల్ తెచ్చినోనికి ముందర కుర్చీ వేయి. వాడు చెప్పేదంతా వినుకో. అటెంక మిషను దగ్గరికి పో. అర్థమాయనా?"

"ఆయెను సార్" అన్నాను. ఆయన రిటైరయ్యేదాకా ఆ మాట తప్పలేదు. ఆ తర్వాతే తప్పాను.

రెండు గీతలు

ధర్మవరంలో ఆదిశేషయ్య అని ఒక పట్టుచీరల వ్యాపారి. మగ్గాల వాళ్లకు పట్టూ జరీ ఆయనే ఇస్తాడు, వాళ్లు నేసిస్తారు. ఆయన ఒక వానాకాలం మధ్యాహ్నం చెమటలు కక్కుతూ వచ్చాడు. చేతిలో ఒక కవరు. అందులో కొత్త జరీ రీలు ఒకటి, చీర అంచు నుంచి కత్తిరించిన ముక్క ఒకటి. ముక్కలో జరీ నల్లగా మసిబారి ఉంది.

"పెండ్లి చీర సార్. ముహూర్తానికి రెండు దినాల ముందర మడత విప్పితే ఇట్లుండాదంట. పెండ్లికూతురి మేనమామ అంగట్లో నిలబడి నన్ను తిట్టని తిట్టు లేదు. నేనిచ్చింది ఈ రీలే. నేసిన ఆయమ్మ మంచి జరీ దాచుకుని నాసిరకం వేసిందేమోనని నా అనుమానం. ఈ రెండూ ఒకటేనా కాదా, అంతే చెప్పు సార్."

ఆ వారమంతా కాలేజీలో ఇన్‌స్పెక్షన్ హడావిడి. కుర్చీ వేయలేదు. ఎవరు నేశారు, ఎక్కడ నేశారు, మిగతా చీర ఏది అని ఒక్క ప్రశ్న అడగలేదు. రెండు పోగులూ మిషనులో ముంచాను. కొత్త పోగు గీత నున్నగా వచ్చింది. నల్లపోగు గీత మధ్యలో మూపురంలాగా లేచింది. రెండింటికీ పోలికే లేదు. కాలేజీ కాగితం మీద రాశాను: "ఈ రెండు నమూనాలు ఒకే రకం జరీ కావు." సంతకం పెట్టి, సీలు కొట్టి ఇచ్చాను. అరగంటలో పని తేల్చానని గర్వంగా కాఫీ కూడా తాగాను.

రెండు వారాల తర్వాత, భోజనాల వేళ, యాభై ఏళ్ల మనిషి ఒకామె చంకలో మూటతో ల్యాబు గుమ్మంలో నిలబడింది.

"జరీ పరీక్ష చేసే సార్ ఎవరు?"

"నేనేనమ్మా."

"నా పేరు ఓబుళమ్మ. ధర్మవరం. నన్ను దొంగని రాసింది మీరేనా?"

"అయ్యో, నేనట్లా రాయలేదమ్మా!"

"రాసినారు సార్. మీ కాయితం ఆదిశేషయ్య అంగడి అద్దానికి అంటించినాడు. వచ్చేటోళ్లు పోయేటోళ్లు అందరూ చదువుతాండారు. ఒక్కరూ నాకు పట్టు ఇస్తల్యా, జరీ ఇస్తల్యా. నా మగ్గం ఖాళీగా ఉండాది. పదమూడేండ్లకు మగ్గం గుంతలో కాళ్లు పెట్టినా. ఈపొద్దుటిదాకా ఒక్క పోగు మార్చిండేది లేదు."

ఆమె నాతో వాదించలేదు. మూట విప్పి మొత్తం చీరను మా పొడవాటి బల్ల మీద పరిచింది. "ఇది నువ్వే కట్టుకో" అని ఆదిశేషయ్య ఆమె ముఖాన విసిరేసిన చీర అది.

జరీ అంతా నల్లబడలేదు. మూరెడు బంగారం, జానెడు నలుపు, మళ్లీ మూరెడు బంగారం, మళ్లీ జానెడు నలుపు. చీర పొడవునా అలాగే.

"చూడండి సార్. జరీ మార్చింటే మార్చిన కాడ్నుంచి నల్లగా పోవల్ల కదా? ఎవరన్నా జానెడు జానెడు మారుస్తారా? మూరన్నర నేసేది నాకు ఒక దినం పని. సాయంత్రం నేను యాడ ఆపి మగ్గం దిగినానో ఆడ నలుపుండాది. మీరు పోగు చూసినారు. చీర చూసినారా?"

లేదు. జ్వరంతో పీక్కుపోయిన మనిషినీ, ఆ మనిషి పెళ్లి ఫోటోనూ పక్కపక్కన పెట్టి, వీళ్లిద్దరూ వేర్వేరు మనుషులని సీలు కొట్టి ఇచ్చినవాణ్ని నేను. నా గీతలో లేచిన మూపురం వేరే జరీది కాదు, జరీ మీద పట్టిన నలుపుది. ఆ నలుపు దేనితో పుట్టిందో అడగాలని కూడా నాకు తోచలేదు. చదువు రాని మనిషి అని నేను లోపల్లోపల అనుకుంటున్న ఆమె, నా మిషను చెప్పలేనిది జానతో కొలిచి చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు వేశాను కుర్చీ.

నా చొక్కా మీద నలుపు

ఆదివారం ధర్మవరం రైలెక్కాను. ఓబుళమ్మ ఇంట్లో ముందు గదే మగ్గం గది. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని నేస్తుంది. నేసిన చీర ఆమె ఒడి ముందరి కర్రకు చుట్టుకుంటూ పోతుంది. సాయంత్రం ఆపేసేటప్పటికి ఆ రోజు చివర నేసిన జానెడు మాత్రం చుట్టలోకి పోకుండా పైకే ఉంటుంది. అంటే ఆ చోట రాత్రంతా ఏదో తగులుతోంది. ఏమిటది?

జరీ అంటే బంగారు పూత పూసిన వెండి పోగు, వెండిని నల్లబరిచేది గంధకం. అంతవరకు పుస్తకం చెప్పింది. ఆ ఇంట్లో గంధకం ఎక్కడుంది? వంటింటి పొగ చూశాను. మురిక్కాలువ వాసన చూశాను. కోడిగుడ్ల తట్ట వెదికాను. నేను ముక్కు పెట్టని మూల లేదు.

"ఏం సార్, బాలింత పిల్లి మాదిరి తిరుగుతాండారు?" అని ఓబుళమ్మ పడీపడీ నవ్వింది. అంత కష్టంలోనూ ఆమెకు నవ్వు రావడం నాకు ధైర్యమిచ్చింది.

సాయంత్రం చినుకులు మొదలయ్యాయి. చూరు కింద ఆరేసిన కంబళి తడుస్తోందని ఆమె కేకేస్తే, నేను వెళ్లి లోపలికి తెచ్చాను. దాన్ని ఖాళీ మగ్గం మీద కప్పింది. "వానాకాలం గుంతలో చెమ్మ లేస్తాది సార్. నేత చెడకుండా కంబళి కప్పల్ల. మా అమ్మా ఇట్లే కప్పేది."

నాకేమీ తోచలేదు. ఇది వినండి, ఇంకా సిగ్గుచేటు. సోమందేపల్లి పక్కన పల్లెలో గొర్రెలు మేపే ఇంట్లో పుట్టినవాణ్ని నేను. మా నాయన కంబళి నాకు గొడుగు, పరుపు, ఇల్లు. కంబళి చెడు చేస్తుందని నేను ఎలా అనుకుంటాను? "మంచి నలుపమ్మా" అని మెచ్చుకుని చెయ్యి చొక్కాకు తుడుచుకున్నాను.

చొక్కా మీద అయిదు వేళ్ల నల్ల అచ్చు పడింది.

మా నాయన కంబళి నలుపు గొర్రె నలుపు. ఎన్ని వానలు తడిసినా చుక్క కారేది కాదు.

"ఓబుళమ్మా, ఈ కంబళి ఎప్పటిది?"

"పాతది చినిగిపోయింది సార్. వానలకు ముందర రామగిరి నుంచి మా తమ్ముడు వస్తా వస్తా సంతలో కొనుక్కొచ్చినాడు. ఎందుకు?"

"ఇది రంగేసిన కంబళి! నల్లరంగులో గంధకం ఉండొచ్చు!" అని అరిచాను. పక్కింటివాళ్లు తొంగి చూశారు.

ఆదిశేషయ్య అంగట్లో మూడు సీసాలు

నేను కంబళి ముక్క కత్తిరించుకుని నా మిషను దగ్గరికి పరుగెత్తబోయాను. ఓబుళమ్మ ఆపింది.

"మీ మిషను గీతకు నా పని పోయింది. మళ్లా గీత చూపిస్తే ఎవరు నమ్ముతారు సార్? జనాల కండ్లకు కనపడల్ల."

ఎలాగో కూడా ఆమే చెప్పింది. మూడు ఊరగాయ సీసాలు, మూడింటిలోనూ తడి దూది, ఆదిశేషయ్య ఇచ్చిన రీలులోదే తలా ఇంత జరీ. మొదటి దానిలో పాత కంబళి పేలిక, రెండో దానిలో కొత్త కంబళి పేలిక, మూడో దానిలో ఏ కంబళీ లేదు. మూతలు బిగించి ఆదిశేషయ్య అంగట్లో, నా రిపోర్టు అంటించిన అద్దం కిందే పెట్టాలి. నా దగ్గర చదివిన ఎంతమందో ఇంత చక్కగా ప్రయోగం ఆలోచించగా నేను చూడలేదు.

"పట్టుచీరల అంగట్లో ఊరగాయ సీసాలా?" అని ఆదిశేషయ్య నెత్తి కొట్టుకున్నాడు. ఒప్పుకోక తప్పలేదు, అప్పటికే వీధి జనం గుమిగూడారు.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ ఏమీ లేదు. హిందూపురంలో నాకు అన్నం సయించలేదు. నా అంచనా తప్పయితే ఆమెను రెండోసారి దొంగను చేసినవాణ్ని నేనే అవుతాను. ఆ కంగారులోనే బెంగళూరులో లోహాల పని చేసే మిత్రుడికి పోగులు పంపాను. అతను పెద్ద మైక్రోస్కోపులో చూసి, బంగారు పూత పలుచన, నిండా సన్నని రంధ్రాలున్నాయి, కింద వెండికి గాలి తగులుతోందని చెప్పాడు. ధర్మవరంలోనే పట్టుకు రంగులద్దే పెద్దాయన ఒకరు కంబళి పేలికను వేడినీళ్లలో ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, "గంధకం రంగప్పా ఇది. సరిగ్గా జాడించకుండా అమ్మేసినారు" అని ఒక్క నిమిషంలో తేల్చేశాడు.

నాలుగో రోజు పొద్దున ఫోను మోగింది.

"సార్, ఓబుళమ్మను. రెండో సీసా మొగం మాడ్చుకునింది."

మొదటి బస్సు పట్టుకున్నాను. నిజమే, రెండో సీసాలో జరీ మసిబారింది. మిగతా రెండు సీసాల్లో పచ్చగా మెరుస్తోంది. చీరకు రాత్రిళ్లు అంటిన గంధకమూ ఇలాగే మడతలో మెల్లగా పని చేసిందన్నమాట. అద్దం ముందు జనం ఒకర్నొకరు తోసుకుంటూ చూస్తున్నారు. ఆదిశేషయ్య ముఖం చిన్నబోయింది. చెడ్డవాడు కాదు ఆయన. మోసపోయానని భయపడ్డాడు, ఆ భయానికి నేను సీలు కొట్టాను.

కాలేజీ కాగితం తీసి, దూరం నుంచి కూడా కనిపించేంత పెద్ద అక్షరాలతో రాశాను: "నేను ముందు ఇచ్చిన రిపోర్టు తప్పు. రెండూ ఒకే జరీ. ఓబుళమ్మ జరీ మార్చలేదు." అందరికీ వినిపించేలా పైకి చదివాను.

ఆదిశేషయ్య నా చెవిలో, "సార్, మీ చేత్తో మీరే తప్పని రాసిస్తే మీకు చెడ్డపేరు రాదా?" అన్నాడు.

"రానీప్పా. నా పేరు పోయినా జీతం వస్తాది. ఆమె పేరు పోతే మగ్గమే పోతాది."

పాత కాగితం చించి అదే చోట కొత్తది అంటించాము. ఆదిశేషయ్య లోపలికి వెళ్లి పట్టూ జరీ తెచ్చి ఓబుళమ్మ చేతుల్లో పెట్టాడు. "తప్పాయనమ్మా" అన్నాడు. ఆమె అవి ఒడిలో పెట్టుకుని, అద్దం వైపు చూపించింది.

"ఆ కాయితం తీయొద్దు. ముందరిది ఎన్ని దినాలుండెనో, ఇదీ అన్ని దినాలుండల్ల."

ఇప్పుడు ఆ వీధిలో మగ్గాల మీద ముందు ఉతికిన నూలుగుడ్డ కప్పి, ఆ పైన కంబళి వేస్తారు. కొత్త కంబళిని తడి తెల్లగుడ్డతో రుద్ది చూడనిదే ఇంట్లోకి రానివ్వరు.

ఏ డిపార్ట్‌మెంటు

ఈ సంగతంతా ఒక పరిశోధన పత్రంగా రాశాము. కరెంటు సంగతి నాకు తెలుసు, లోహం సంగతి బెంగళూరు మిత్రుడికి, రంగు సంగతి అద్దకం పెద్దాయనకు. చారల సంగతి ఓబుళమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. ఏ ఒక్కరు తగ్గినా ఆ నలుపు గుట్టు బయటపడేది కాదు. ఎలక్ట్రోకెమిస్ట్రీ ఇప్పుడు ఇంతగా పెరిగిందంటే కారణం ఇదే. లోహం తడి తగిలిన ప్రతి చోటా దానికి పని ఉంది, ఆ చోటు గురించి మనకంటే ఎక్కువ తెలిసినవాళ్లు అక్కడ ఎప్పటి నుంచో ఉన్నారు. కాబట్టి పిల్లలూ, మీది ఏ డిపార్ట్‌మెంటని బెంగపడకండి. మీ ల్యాబులో కుర్చీలు ఎన్నున్నాయో చూసుకోండి.

పేర్ల వరుస దగ్గర పేచీ వచ్చింది. "ఆమెకు చివర్లో కృతజ్ఞతలు చెబుదాం సార్, పద్ధతి అదే కదా" అన్నాడు మా కుర్ర లెక్చరరు. నాకు కోపం నషాళానికెక్కింది. "జానెడు జానెడు అనే మాట నీకు తోచిందా? నాకు తోచిందా? నోరు మూసుకుని మొదటి పేరు ఆమెది రాయి!" అన్నాను. పాపం, రాశాడు. ఆ వెంటనే ఇంకో చిక్కు. కంప్యూటరులో ప్రతి పేరు కింద సంస్థ పేరు నింపాలి, ఖాళీ వదిలితే ముందుకు పోదు. ఓబుళమ్మకు ఫోను చేశాను.

"సంస్థ అంటే ఏంది సార్?"

"నువ్వు పని చేసే చోటమ్మా."

"మగ్గం గుంత, ధర్మవరం అని రాయండి" అంది. అలాగే రాశాము, అలాగే అచ్చయింది.

అచ్చు ప్రతి తీసుకుని నేనే వెళ్లాను. ఆమె గుంతలో కూర్చుని నేస్తోంది. చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. తన పేరు ఏదో చూపించమంది. దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. కళ్లు చెమర్చాయి, నావి కూడా. తర్వాత వేలు కిందికి జరుపుతూ అడిగింది.

"మీది యాడుండాది సార్?"

"అట్టడుగున, అదిగో."

ఆమె నా పేరునూ నన్నూ మార్చి మార్చి చూసి, ఓదార్పుగా తలూపింది.

"ఏం కాదులే సార్. మీకు కొత్త గదా ఈ పని. నేర్చుకుంటారు."